మట్టి సైన్యం : శాలివాహనుని కథ నుండి వైజ్ఞానిక కల్పన వరకు

మానవుడు తన చేతులతో తనవంటి రూపాన్ని చేసి, దానికి చలనం కల్పించి, దానిచేత తన పనులు చేయించుకోవాలని అనాదిగా కలలు గన్నాడు. ఆ పనులలో అతనికి తరచుగా తోచినది యుద్ధం. ఆకలి లేనివాడు, అలసట ఎరుగనివాడు, వెనుదిరగనివాడు, అన్నిటికంటె ముఖ్యంగా “ఎందుకు?” అని అడగనివాడు అయిన సైనికుని ప్రతి రాజూ కోరుకున్నాడు. అట్టి సైనికుని కల్పించిన కథలు అనేక దేశాలలో ఉన్నవి. వాటిలో అధికభాగం మట్టితోనే ఆరంభమైనవి.

నేటి విద్యార్థులు వైజ్ఞానిక కల్పన, అనగా సైన్స్ ఫిక్షన్, పూర్తిగా పాశ్చాత్యుల సొత్తని తలుస్తారు. ఆ పేరు, ఆ ప్రక్రియ వారివే. కాని అందులోని ఒక ప్రధానమైన ఊహ, కృత్రిమంగా చేయబడిన మట్టి సైనికుడు, మన ఇంటి పంచాంగం మొదటి పుటలోనే కనిపిస్తాడు. శుభకార్యాల సంకల్పంలో మనం ఉచ్చరించే శాలివాహన శకం వెనుక ఉన్న కథ అదే. ఆ కథను, తక్కిన దేశాల కథలతో పోల్చి, శాస్త్రదృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

కుమ్మరి ఇంటి బాలుడు

14వ శతాబ్దికి చెందిన జైనాచార్యుడు జినప్రభసూరి “వివిధ తీర్థకల్పం” అనే గ్రంథాన్ని రచించాడు. ఢిల్లీ సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఈ ఆచార్యుని తన ఆస్థానంలో గౌరవించిన సంగతి చరిత్రలో ఉన్నది. ఆ గ్రంథంలో ప్రతిష్ఠానపురాన్ని గురించిన భాగంలో ఈ కథ ఉన్నది. ప్రతిష్ఠానం గోదావరీ తీరాన, నేటి మహారాష్ట్రలో ఉన్న పైఠాన్.

కథ సంగ్రహంగా ఇది. ఇద్దరు బ్రాహ్మణ సోదరులు, విధవరాలైన తమ చెల్లెలితో ఒక కుమ్మరి ఇంట తలదాచుకున్నారు. నీటికి గోదావరికి వెళ్ళిన ఆమెకు నాగరాజైన శేషుని వలన గర్భం కలిగింది. సోదరులు ఆమెను విడిచి వెళ్ళిపోయారు. పుట్టిన బిడ్డ కుమ్మరి వాడలో పెరిగాడు. ఆటలలో తానే రాజై, తోటి బాలురకు మట్టి ఏనుగులను, గుర్రాలను, రథాలను చేసి వాహనాలుగా ఇచ్చేవాడు. అట్లు వాహనాలను దానం చేసినందువలననే సాతవాహనుడనే పేరు వచ్చినదని జినప్రభసూరి వ్యుత్పత్తి చెప్పాడు.

ఈ బాలుని మొదటి విజయం యుద్ధంలో కాదు, న్యాయనిర్ణయంలో. ఒక తండ్రి మరణిస్తూ నలుగురు కుమారులకు నాలుగు పాత్రలు విడిచాడు. ఒకదానిలో బంగారం, ఒకదానిలో నల్లమట్టి, ఒకదానిలో పొట్టు, ఒకదానిలో ఎముకలు ఉన్నవి. పండితులు విప్పలేని ఆ చిక్కును బాలుడు విప్పాడు. మట్టి దక్కినవానికి భూమి, పొట్టు దక్కినవానికి ధాన్యం, ఎముకలు దక్కినవానికి పశువులు, బంగారం దక్కినవానికి బంగారం అన్నాడు. ఆ కీర్తి విని, వీనివలన తనకు ముప్పు కలదని తలచి విక్రమాదిత్యుడు ప్రతిష్ఠానంపై దండెత్తాడు. బాలునికి సైన్యం లేదు. తల్లి నాగరాజును తలచుకొనగా అతడు అమృతఘటాన్ని ప్రసాదించాడు. ఆ అమృతాన్ని చల్లగా మట్టిబొమ్మలన్నీ ప్రాణం పోసుకొని లేచినవి. విక్రముడు ఓడి మరలిపోయాడు. తపతీ నదికి దక్షిణదేశం బాలునిది అయినది.

మన తెలుగునాట కుమ్మరులు తమను శాలివాహనులని చెప్పుకొనడం ఈ కథాప్రభావమే. చక్రం మీద మట్టిని మలచే వృత్తివారు ఒక రాజును తమ వాడలో పెరిగినవానిగా నిలుపుకున్నారు. దీనిని కేవలం అభూతకల్పన అని త్రోసివేయరాదు. దిక్కులేని తల్లికి పుట్టి, శ్రమజీవుల నడుమ పెరిగిన పిల్లవాడు తన చేతిపనితోనే చక్రవర్తిని ఎదిరించాడని చెప్పిన కథ ఇది. అందులో ఒక సామాజిక ఆకాంక్ష ఉన్నది.

కథ వేరు, చరిత్ర వేరు

ఐతే కథను చరిత్రగా భ్రమించడం విద్యావంతుల లక్షణం కాదు. విక్రమశకం క్రీస్తుకు పూర్వం 57లోను, శాలివాహన శకం క్రీస్తుశకం 78లోను ఆరంభమైనవి. రెండింటి నడుమ 135 సంవత్సరాల ఎడమున్నది. ఆ శకకర్తలు ఇద్దరూ ఒకే రణరంగంలో తలపడడం అసంభవం. అంతేకాదు, 78లో మొదలైన శకానికి శాలివాహనుని పేరు చేరడం ఎన్నో శతాబ్దాల తరువాత జరిగింది. తొలి శాసనాలలో అది కేవలం శకరాజుల కాలంగానే వ్యవహరింపబడినది. 1957 మార్చి 22 నుండి భారత ప్రభుత్వం జాతీయ పంచాంగంగా స్వీకరించినది కూడ ఈ శకమానాన్నే.

చరిత్రలోని సాతవాహనులు రక్తమాంసాలు గల సైనికులతోనే యుద్ధాలు చేశారు. గౌతమీపుత్ర శాతకర్ణి క్షహరాత వంశపు నహపాణుని జయించాడు. 1906లో నాసిక్ సమీపాన జోగళ్‌తెంబి వద్ద దొరికిన వెండి నాణేల రాశిలో వేలకొలది నహపాణుని నాణేలపై శాతకర్ణి తన ముద్రను తిరిగి వేయించిన గుర్తులున్నవి. శకులపై పొందిన ఈ గెలుపే కాలక్రమాన జనుల నోట మట్టి సైన్యపు విజయంగా మారినదేమోనని మేము ఊహిస్తున్నాము. ఇది ఊహ మాత్రమే.

సాతవాహనుల కాలపు మట్టిబొమ్మలు మాత్రం నిజంగానే లభించినవి. మెదక్ ప్రాంతంలోని కొండాపురంలో 1940 దశకంలో హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖవారు త్రవ్వకాలు జరిపారు. ఆ శాఖను చిరకాలం నడిపినవారు పారశీక, ఉర్దూ విద్వాంసులైన గులాం యజ్దానీ గారు. అక్కడ తెల్లమట్టితో, రెండు అచ్చులను కలిపి లోన గుల్లగా ఉండునట్లు చేసిన చక్కని బొమ్మలు బయటపడినవి. శాలివాహనుడు ఆడుకున్న బొమ్మలు ఎట్టివో ఊహించుటకు అవి తోడ్పడతవి.

ఖాక్ కా పుత్లా

మట్టికి, ప్రాణానికి గల సంబంధం ఒక మతానికో, ఒక భాషకో పరిమితమైనది కాదు. మానవుని ఉర్దూలో “ఖాక్ కా పుత్లా” అంటారు. మట్టిబొమ్మ అని దాని అర్థం. మనిషి గర్వపడినప్పుడు అతని మూలాన్ని గుర్తుచేయుటకు పెద్దలు వాడే మాట అది. కుండవలె మ్రోగే ఎండుమట్టి నుండి మానవుని సృష్టించినట్లు పవిత్ర ఖురాన్ చెప్పుచున్నది. ఈసా ప్రవక్త మట్టితో పక్షిరూపాన్ని చేసి ఊదగా, అల్లాహ్ అనుమతితో అది పక్షి అయినదని కూడ అందులో ఉన్నది. ఇక్కడ “అనుమతితో” అన్న మాట గమనింపదగినది. రూపాన్ని చేయడం చేతిపని. ప్రాణం పోయడం మానవుని అధికారంలో లేదు.

కృత్రిమ మానవుని కథలన్నీ ఈ సరిహద్దు మీదనే నడుస్తవి. శాలివాహనునికి సైతం బొమ్మలు చేయడం చేతనైనది గాని, ప్రాణం నాగరాజు అమృతం వలన వచ్చినది. మంత్రమో, అమృతమో లేకుండ యంత్రబలం చేతనే బొమ్మను కదిలించవచ్చునన్న ఊహ పుట్టిననాడు కథ విజ్ఞానం వైపు మొదటి అడుగు వేసింది.

ఆ అడుగు కూడ ఇక్కడనే పడినది. 11వ శతాబ్దిలో కాశ్మీర కవి సోమదేవుడు సంతరించిన కథాసరిత్సాగరంలో మయుని కుమార్తె సోమప్రభ తన చెలికి కొయ్యబొమ్మల పెట్టెను తెచ్చి చూపుతుంది. కీలు నొక్కితే ఒక బొమ్మ పూలమాల తెస్తుంది, ఒకటి నీరు తెస్తుంది, ఒకటి నాట్యమాడుతుంది. అదే గ్రంథంలో ఒక వడ్రంగి నిర్మించిన నగరంలో పౌరులందరూ కొయ్యబొమ్మలే. ఈ గ్రంథానికి మూలం సాతవాహన రాజు ఆస్థానంలోని గుణాఢ్యుని బృహత్కథ అని ప్రసిద్ధి. కథలో ఉన్నదానిని ఇస్లామీయ లోకపు శిల్పులు చేతలలో చూపారు. 1206లో అల్ జజరీ అనే యంత్రశిల్పి రచించిన గ్రంథంలో నీటిబలంతో నడిచే గడియారాలు, పడవలో కూర్చొని వాద్యాలు వాయించే బొమ్మలు, వాటి నిర్మాణ విధానం, పటాలతో సహా వివరింపబడినవి. అది కథ కాదు, పనివానికి పనికివచ్చే గ్రంథం.

గోలెం నుండి రోబో వరకు

యూదుల సంప్రదాయంలో మట్టిమనిషి పేరు గోలెం. రూపం పూర్తికాని ముద్ద అని ఆ హీబ్రూ మాటకు భావం. వారి తాల్ముద్ గ్రంథంలో రవా అనే ఆచార్యుడు ఒక మనిషిని సృష్టించి, జేరా అనే మరొక ఆచార్యుని వద్దకు పంపిన కథ ఉన్నది. జేరా పలుకరించగా అది బదులు పలుకలేదు. మాట లేని దానిని చూచి, నీవు మట్టివి, మట్టిలోనికి మరలిపొమ్మని ఆయన ఆజ్ఞాపించాడు. తరువాతి కాలంలో ఈ కథ 1609లో మరణించిన ప్రాగ్ నగరపు ఆచార్యుడు యూదా లోవ్ పేర వెలసినది. తన జనులను హింస నుండి కాపాడుటకు ఆయన నదీతీరపు మట్టితో గోలెంను చేశాడని, దాని నొసట సత్యమను అర్థమిచ్చే “ఎమెత్” అనే పదాన్ని వ్రాశాడని చెబుతారు. మొదటి అక్షరాన్ని తుడిచివేస్తే “మెత్” మిగులుతుంది. దానికి మరణమని అర్థం. కావలికి చేసిన గోలెం అదుపు తప్పినందున ఆయనే దానిని మట్టిగా మార్చవలసి వచ్చెనట.

అదే ప్రాగ్ నగరంలో 1921లో కారెల్ చాపెక్ రచించిన “ఆర్.యు.ఆర్.” నాటకం ప్రదర్శింపబడినది. రోబో అన్న మాట లోకానికి పరిచయమైనది ఆ నాటకం ద్వారానే. చెక్ భాషలో “రొబోత” అనగా వెట్టిచాకిరి. ఆ మాటను సూచించినవాడు తన అన్న యోసెఫ్ అని చాపెక్ చెప్పాడు. ఆ నాటకంలోని రోబోలు ఇనుప యంత్రాలు కావు. జీవపదార్థాన్ని పోలిన రసాయనిక ముద్దను తొట్లలో కలిపి చేసినవి. అనగా అవి కర్మాగారంలో తయారైన గోలెంలు. తొలుత వాటిచేత కూలిపని చేయిస్తారు. పిదప ప్రభుత్వాలు వాటిని సైనికులుగా కొని యుద్ధాలకు పంపుతవి. చివరకు అవి తిరుగబడి మానవజాతిని నిర్మూలిస్తవి.

ఆ తరువాతి రచయితలు ఈ భయానికి విరుగుడు వెదికారు. 1942లో ఐజాక్ అసిమోవ్ ఒక కథలో రోబోలకు మూడు సూత్రాలను విధించాడు. వాటిలో మొదటిది మనిషికి హాని చేయరాదన్నది. ఈ ఒక్క సూత్రంతో రోబో సైనికుడు కావడం అసాధ్యమైపోతుంది. 2002లో డేవిడ్ బ్రిన్ రచించిన “కిల్న్ పీపుల్” నవలలో మనుషులు తమ స్మృతిని మట్టిప్రతిమలలోనికి ఎక్కించి, ఆవంలో కాల్చి, ఒక్కదినం బ్రతికే ప్రతిరూపాలను పనికి పంపుతారు. అక్కడ యుద్ధాలు కూడ మట్టిమనుషుల మధ్యనే, చూచువారికి వినోదంగా జరుగుతవి. మన ప్రేక్షకులు 2010లో వచ్చిన “రోబో” చలనచిత్రంలో ఒకే రూపం గల వందల యంత్రపురుషులు సైన్యమై లేచిన దృశ్యాన్ని చూచియే ఉన్నారు.

చీనాదేశపు మట్టి సైన్యాన్ని కూడ స్మరింపవలెను. 1974లో షియాన్ నగర సమీపాన రైతులు బావి త్రవ్వుచుండగా, క్రీస్తుకు పూర్వం 210లో మరణించిన మొదటి చక్రవర్తి సమాధికి కాపుగా పాతిపెట్టిన మట్టి సైనికులు బయటపడ్డారు. వారి సంఖ్య ఎనిమిది వేల వరకు ఉండునని పండితుల అంచనా. అవయవాలను అచ్చులతో చేసి, ముఖాలను వేరువేరుగా తీర్చారు. పనిలో లోపం వచ్చినచో ఎవరిదో తెలియుటకు పలు బొమ్మలపై పనివారి పేర్లు గుర్తించారు. 2008లో ఒక హాలీవుడ్ చిత్రం ఈ సైన్యానికి తెరపై ప్రాణం పోసింది.

మట్టి చెప్పే శాస్త్రం

ఇన్ని దేశాలు మట్టినే ఎందుకు ఎన్నుకున్నవి? దీనికి సమాధానం మన పలనాటి చేలలోనే ఉన్నది. నల్లరేగడి మట్టి తడిసిన ఉబ్బుతుంది, ఎండిన నెఱ్ఱెలు విచ్చుతుంది. బంకమట్టి రేణువులు మిక్కిలి సూక్ష్మమైన పలకలు. మిల్లీమీటరులో వెయ్యివ భాగాన్ని ఒక మైక్రాను అంటే, ఈ రేణువులు సుమారు రెండు మైక్రాన్లకు లోబడి ఉంటవి. వాటి నడుమ నీరు చేరినప్పుడు పలకలు ఒకదానిపై ఒకటి జారుతవి. అందువలననే మట్టి ఇచ్చిన రూపాన్ని తీసుకొని నిలుపుకుంటుంది. సుమారు 500, 600 డిగ్రీల వేడిలో దాని అణునిర్మాణంలోని నీరు సైతం వెడలిపోతుంది. ఆపైన అది తిరిగి బంకమట్టి కాజాలదు. పచ్చిబొమ్మ వానకు కరుగుతుంది, కాల్చిన కుండ కరుగదు. ప్రాణం గలదానివలె మెత్తగా ఉండి, చివరకు గట్టిపడే ఈ గుణమే ప్రాచీనులను ఆకర్షించి ఉండును.

మరొక విశేషమున్నది. బంకమట్టిలో ప్రధాన మూలకాలు సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్. భూమి పైపొర బరువులో నాలుగవ వంతుకు మించి సిలికానే. నేటి కంప్యూటరుకు గుండెకాయవంటి చిప్పులను ఇసుకరాళ్ళ నుండి శుద్ధిచేసిన ఆ సిలికాన్‌తోనే చేస్తారు. ఈ అర్థంలో నేటి యంత్రం కూడ మట్టినుండి పుట్టినదే. ఇంతమాత్రం చేత మన పూర్వులకు కంప్యూటరు తెలుసునని చెప్పడం అవివేకం. వారికి తెలిసినది మట్టి, వారు చేసినది ఊహ. ఆ ఊహకు ఆ గౌరవం చాలును.

పలనాటి వీరుడు, మట్టి సైనికుడు

యుద్ధకథలకు పెట్టినది పేరు మన పలనాడు. మాచర్ల సీమలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న నాగార్జునకొండ లోయలో, సేనాపతులకు, రణంలో పడిన వీరులకు నిలిపిన ఛాయాస్తంభాలు దొరికినవి. కారెంపూడిలో 12వ శతాబ్దపు పలనాటి వీరులను నేటికీ ఏటేటా కార్తికమాసాన ఆరాధిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు దినాలు ఉత్సవం సాగుతుంది. ఆయుధాలను చేతబట్టి వచ్చే ఆచారవంతులు తమ పూర్వుల పేర్లను మరువలేదు.

ఈ వీరులకు, మట్టి సైనికులకు గల భేదం ఏమి? బాలచంద్రుడు యుద్ధానికి బయలుదేరినప్పుడు తల్లి ఐతాంబ అడ్డుపడినది. భార్య మాంచాల చేతికి కత్తి ఇచ్చినది. మిత్రుడు అనపోతు ఎడబాటు సహింపలేక ప్రాణం విడిచాడు. కన్నమదాసు ఉన్నాడు, చాపకూటిలో ఒక పంక్తిని కూర్చున్న పలు కులాల వీరులున్నారు. ప్రతివాని చావుకూ ఒక ఇల్లు ఏడ్చినది. ఆ ఏడుపు విని బ్రహ్మనాయుడు చివరకు అన్నిటినీ విడిచి గుత్తికొండ బిలంలో ప్రవేశించాడని కథ. వీరగాథ మనకు మిగిల్చినది గెలుపు కాదు, విరక్తి. మట్టి సైనికునికి తల్లి లేదు. వాడు పడితే ఏడ్చే ఇల్లు లేదు. కాబట్టి వానిని పంపే రాజుకు సంకోచం లేదు. ఐతే వాడు చంపేవానికి మాత్రం తల్లి ఉన్నది. ఈ చిక్కును ఏ కథా దాటలేదు.

ఇది నేడు కథలకే పరిమితమైన విషయం కాదు. మనిషి ఆజ్ఞ లేకుండ తామే లక్ష్యాన్ని ఎన్నుకొనే ఆయుధాలను గురించి 2014 నుండి జెనీవాలో ప్రపంచదేశాలు చర్చిస్తున్నవి. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ ఈ విషయంపై తీర్మానం చేసింది. 1983 సెప్టెంబరు 26న సోవియట్ సైనికాధికారి స్తనిస్లావ్ పెత్రోవ్ ముందున్న యంత్రం, అమెరికా క్షిపణులు వస్తున్నవని హెచ్చరించింది. ఆయన దానిని నమ్మలేదు, తప్పుడు సూచన అని పై అధికారులకు తెలిపాడు. ఆయన తలంపే నిజమైనది. ఆ కుర్చీలో మట్టి సైనికుడు ఉండినచో ఏమయ్యెడిదో చెప్పనవసరం లేదు. గణితశాస్త్రజ్ఞుడు నార్బర్ట్ వీనర్, క్షిపణుల నిర్మాణానికి తన పరిశోధనాపత్రాన్ని ఇవ్వనని నిరాకరించి, ఆ సంగతిని 1947లో బహిరంగంగా ప్రకటించాడు. 1964లో ఆయన గోలెం పేరుతోనే యంత్రాలను గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. చేయగలిగినదెల్ల చేయవలెనా అన్న ప్రశ్నను శాస్త్రవేత్తయే వేసుకోవాలని ఆయన బోధ.

ఉపసంహారం

“కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు” అని మన సామెత. ఏడాది పొడుగునా కుమ్మరి చేసినదానిని కర్ర ఒక్క దెబ్బతో పగులగొట్టగలదు. నిర్మాణానికి పట్టే కాలం, నాశనానికి పట్టే కాలం ఎంత వేరో ఇంతకంటె స్పష్టంగా చెప్పలేము. యంత్రశక్తి ఆ దెబ్బను మరింత సులభం చేసినది.

విద్యార్థులారా! మీలో అనేకులు రేపు నరసరావుపేట దాటి, గురజాల దాటి, గుంటూరు, హైదరాబాదు వంటి నగరాలలో యంత్రాలకు బుద్ధి నేర్పే విద్యలను అభ్యసింపబోతున్నారు. తెలుగులో శాలివాహనుని కథ చదివినవారు, ఉర్దూలో ఖాక్ కా పుత్లా అన్న మాట విన్నవారు ఒకే తరగతిలో కూర్చునే కళాశాల మనది. ఈ రెండు సంపదలూ మీకు తోడుగా ఉన్నవి. నలుగురు అన్నదమ్ముల తగవును రక్తపాతం లేకుండ తీర్చిన బాలుని బుద్ధి మొదటిది. మనిషి కూడ మట్టిబొమ్మయే అన్న వినయం రెండవది. మీరు చేయబోయే బొమ్మకు ఏ ఆజ్ఞను నేర్పుదురో, దాని నొసట ఏ అక్షరాన్ని వ్రాయుదురో ఆ నిర్ణయం మీది. చీనాదేశపు కుమ్మరివలె ఆ బొమ్మపై మీ పేరు కూడ వ్రాయవలసి ఉండునని తలచి పని చేయండి.